మలావీలో మిషనరీ సేవ: తొలి రోజుల్లో పాటించవలసినవి

మలావీ రాజధాని లిలాంగ్వేలో దిగిన మర్నాడే బోధించాలన్న ఆత్రాన్ని అణచుకొని, మొదటి ఆదివారం సంఘంలో వెనుక వరుసలో కూర్చుని వినడం మేలు. ఎవరిని కలిసినా పని మాట ఎత్తకముందే ‘ములి బ్వాంజి’ అని క్షేమం అడిగి, వారి జవాబు పూర్తిగా విన్న తరువాతే విషయానికి రావాలి. ఈ మర్యాద తప్పితే అక్కడి భాష చిచెవాను ఎంత చక్కగా మాట్లాడినా పొగరుగా తోచవచ్చు. పెద్దలిచ్చినది రెండు చేతులతో అందుకోవాలి. మొక్కజొన్న పిండితో వండే న్సిమాను చేతితోనే తింటారు కనుక, సంగటి తిన్న మనవారికి ఇబ్బంది ఉండదు. మలేరియా విషయంలో మాత్రం మొండితనం పనికిరాదు: వైద్యుడు సూచించిన మాత్రలను ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, దోమతెరలోనే పడుకొని, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇంటికి రోజూ కాక వారానికి రెండుసార్లు ఫోను చేస్తే, పొరుగువారితో గడపడానికి సాయంత్రాలు మిగులుతాయి.