మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని పడిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

“అన్నా, లాప్‌టాప్‌కి వైరస్ వచ్చింది. కింద మూలన ఏదో రాస్తోంది.”

ఇలాంటి ఫోన్లు నాకు అన్నిటికన్నా ఎక్కువగా డిసెంబర్‌లో వస్తాయి. అది వైరస్ కాదు. కుడివైపు కింద లేత బూడిద రంగులో ‘యాక్టివేట్ విండోస్’ అని కనబడితే, ఈ విండోస్‌కు సరైన లైసెన్స్ దొరకలేదని మైక్రోసాఫ్ట్ చెబుతోందని అర్థం. దీనివల్ల మీ ఫైళ్లు పోవు, లాప్‌టాప్ ఆగిపోదు, అప్‌డేట్లు కూడా వస్తూనే ఉంటాయి. వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు, అంతే. కాబట్టి రేపు ప్రాజెక్ట్ సబ్మిషన్ ఉంటే టెన్షన్ పడకుండా ముందు అది కానివ్వండి. దీన్ని ఎల్లుండి చూసుకోవచ్చు.

రెండు విషయాలను దీనితో కలిపేయకండి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ సంగతి చెప్పే మెసేజ్ వేరు, దానికీ యాక్టివేషన్‌కీ సంబంధం లేదు. అలాగే వర్డ్, ఎక్సెల్ తెరిస్తే పైన పట్టీలా వచ్చే లైసెన్స్ గొడవ ఆఫీస్‌ది. విండోస్ కీ, అంటే లైసెన్స్ కోడ్, కొన్నంత మాత్రాన అది పోదు. ఒకదానికి డబ్బు కట్టి రెండోది ఎందుకు పోలేదని నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎవరూ చూడని పేజీ

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్. విండోస్ 10లో అయితే ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’ కింద ఉంటుంది. అందులో ఎడిషన్ ఏంటో రాసి ఉంటుంది: హోమా, ప్రోనా, ఎంటర్‌ప్రైజా. కింద ఎర్రర్ కోడ్, దాని కారణం ఉంటాయి. ఫోన్‌లో ఆ పేజీని ఒక ఫొటో తీసి పెట్టుకోండి. లాప్‌టాప్ సంచిలో వేసుకుని సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ షాపుల దాకా వెళ్లి, అక్కడ మెట్లెక్కి, “ఏమైంది?” అని అడిగితే “తెలీదన్నా” అనేవాళ్లే నూటికి తొంభై మంది.

పనిలో పనిగా తేదీ, టైమ్ చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోతే, ఆఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్తుంది. తేదీ తప్పుంటే యాక్టివేట్ చేసే మైక్రోసాఫ్ట్ సర్వర్ ఒప్పుకోదు. సీఆర్2032 అనే ఆ సెల్ ఏ గడియారాల షాపులోనైనా దొరుకుతుంది. నెట్ పనిచేస్తోందో లేదో చూసుకోమని మీకు వేరే చెప్పక్కర్లేదు.

నన్ను రెండుసార్లు ముంచింది

ఇప్పుడు డిసెంబర్ సంగతికి వస్తాను.

మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు, జూన్‌లో, ఒక షాపులో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాడు. ‘ఒరిజినల్ విండోస్ ప్రో’ అని చెప్పి ఇచ్చారు, మూడు నెలల వారంటీ. సెట్టింగ్స్‌లో చూస్తే యాక్టివేటెడ్ అనే ఉంది. డిసెంబర్ రెండో వారంలో, సరిగ్గా ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ ముందు, మూలన ఆ రాత పడింది. “నిన్న అప్‌డేట్ అయింది అన్నా, దానివల్లే” అన్నాడు. నేనూ నమ్మాను. వాట్సాప్‌లో ఎవరో అమ్ముతున్న ప్రో కీ 450 రూపాయలకు కొని వేశాను. మార్చిలో ఆ కీ బ్లాక్ అయింది. ఇంకొకటి కొన్నాను. అది రెండు నెలలు కూడా నిలవలేదు. “నీకు ఇవన్నీ వచ్చన్నావ్ కదా అన్నా” అని వాడు నవ్వాడు చూడండి, అప్పుడు కూర్చుని మొదటి నుంచీ చూశాను.

జరిగింది ఇది. వందల కంప్యూటర్లున్న ఆఫీసుల్లో ఒక్కొక్కదానికీ కీ కొట్టుకుంటూ కూర్చోలేరు. అందుకని ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఒక సర్వర్ పెడతారు. దాన్ని కేఎంఎస్ అంటారు. కనీసం 25 కంప్యూటర్లు అడిగితేగానీ అది విండోస్‌ను యాక్టివేట్ చేయదు. చేసినా శాశ్వతంగా కాదు, 180 రోజులకే. ప్రతి ఏడు రోజులకోసారి కంప్యూటర్ తనంతట తనే వెళ్లి గడువు పొడిగించుకుంటుంది కాబట్టి, ఆఫీసులో ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు.

లైసెన్స్ లేకుండా యాక్టివేట్ చేయడానికి బయట వేసే దొంగ ప్రోగ్రామ్‌ను క్రాక్ అంటారు. అది చేసే పని ఏమిటంటే, అలాంటి సర్వర్‌ను మీ లాప్‌టాప్‌లోనే దొంగగా పెడుతుంది. ఆర్టీసీ పాస్ ఉన్న కుర్రాడు రబ్బరు స్టాంపు కూడా ఇంట్లోనే తయారు చేసుకుని, తన పాస్‌కి తనే ముద్ర కొట్టుకుంటున్నట్టు. స్టాంపు ఉన్నన్నాళ్లూ బండి నడుస్తుంది. ఏదో ఒకరోజు విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండర్, ఆ స్టాంపును పట్టుకుని తీసేస్తుంది. ఆ రోజు మీకేమీ కనబడదు, ఎందుకంటే చివరిసారి కొట్టిన ముద్రకు ఇంకా గడువుంటుంది. గడువు తీరాకే మూలన రాత పడుతుంది. కొన్ని షాపులు స్టాంపు కూడా పెట్టవు. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న దొంగ సర్వర్‌తో ఒక్కసారి ముద్ర కొట్టించి చేతులు దులుపుకుంటాయి. జూన్ మధ్యలో కొంటే డిసెంబర్ రెండో వారానికి 180 రోజులు. అప్పటికి వారంటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. నిన్నటి అప్‌డేట్‌కు పాపం ఏ సంబంధమూ లేదు.

మీదీ ఇదేనా అని ఒక్క నిమిషంలో తెలుసుకోవచ్చు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలు వరసగా ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, దాన్ని ఆనుకుని ఎక్స్, పి, ఆర్ కొట్టి ఎంటర్ నొక్కండి. ‘పర్మనెంట్లీ యాక్టివేటెడ్’ అని వస్తే అది కేఎంఎస్ కాదు. ఒక తేదీ చూపించి ఆ రోజుతో అయిపోతుందని చెబితే, అది చాలా వరకు కేఎంఎస్సే. ఖాయం చేసుకోవాలంటే చివరి మూడక్షరాల బదులు డి, ఎల్, ఐ కొట్టండి. వచ్చే వివరాల్లో ‘వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్’ అని ఉంటుంది. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు షాపులోనే ఈ పని చేయాలి. స్క్రీన్ మీద గీతలున్నాయా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అని గంటసేపు చూస్తారు. ఇది మాత్రం చూడరు.

ఒక్క మినహాయింపు. అది మీ కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ అయితే కేఎంఎస్ అని ఉండటం సబబే. ఆరు నెలలుగా ఇంటి నుంచే పనిచేస్తూ హైటెక్ సిటీ మొహం చూడనివాళ్లకూ, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్‌ను ఎప్పుడోగానీ కలపనివాళ్లకూ ఇదే రాత పడుతుంది. ఎర్రర్ కోడ్ చివర ఎఫ్074 అని ఉంటుంది. వీపీఎన్ కలిపి కాసేపు వదిలేయండి, లేదా ఒకరోజు ఆఫీసుకు వెళ్లి రండి. అప్పటికీ పోకపోతే మీ ఐటీ వాళ్లకు చెప్పండి. సొంతంగా కీలు కొని అందులో వేయకండి.

ఇక బాగుచేయడం

కీ కొనే ముందు, లాప్‌టాప్ ఏ విండోస్‌తో పుట్టిందో చూడాలి. నేను ఎగ్గొట్టింది ఇదే. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో అమ్మే లాప్‌టాప్‌ల బయోస్‌లోనే, అంటే మదర్‌బోర్డు మీది చిప్‌లోనే, కంపెనీ వాళ్లు కీ పెట్టి పంపుతున్నారు. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా, హార్డ్ డిస్క్ మార్చినా అది చెరగదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో షోకీప్లస్ అనే ఉచిత యాప్ ఉంది. అది ఇప్పుడు వేసి ఉన్న కీ ఏంటో, బయోస్‌లో ఉన్న కీ ఏంటో, అది ఏ ఎడిషన్‌దో చూపిస్తుంది. మా వాడి లాప్‌టాప్‌లో చూస్తే, పుట్టుకతో వచ్చిన హోమ్ కీ లోపల హాయిగా నిద్రపోతోంది. పైన షాపువాడు ప్రో వేశాడు. హోమ్ కీ ప్రోకి పనిచేయదు. రెండు కీల డబ్బులు, దాంతోపాటు నా పరువు, ఊరికే పోయాయి.

షాపులు అన్నిటికీ ప్రో ఎందుకు వేస్తాయంటే, ఒకటే పెన్‌డ్రైవ్ అన్నిటికీ సరిపోతుంది, పైగా ‘ప్రో’ అంటే కొనేవాడికి గొప్పగా ఉంటుంది. ప్రోలో అదనంగా ఉండేవి ఆఫీసు డొమైన్‌లో చేరడం, బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో మీ సిస్టమ్‌లోకి రావడం, బిట్‌లాకర్ పూర్తి సెట్టింగులు లాంటివి. జావా నేర్చుకుంటూ సినిమాలు చూసే కుర్రాడికి వాటిలో ఒక్కటీ అక్కర్లేదు.

బయోస్‌లో ప్రో కీ ఉండి, వేసిందీ ప్రోనే అయితే మీరు అదృష్టవంతులు. ఐటీ కంపెనీలు వాడి అమ్మేసిన డెల్ లాటిట్యూడ్‌లు, లెనోవో థింక్‌ప్యాడ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. యాక్టివేషన్ పేజీలో ‘చేంజ్ ప్రొడక్ట్ కీ’ నొక్కి ఆ కీ కొట్టండి. ఐదు నిమిషాల పని.

బయోస్‌లో హోమ్ ఉండి పైన ప్రో ఉంటే కొత్తగా వేసుకోవాలి, ప్రో నుంచి హోమ్‌కు కీ మార్చి దిగే దారి లేదు. ముందు ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపి 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది బయోస్‌లో కీ చదివి, హోమ్ అని తనే తెలుసుకుని వేస్తుంది. ఆ కీ విండోస్ 10దో 11దో అయితే నెట్ కలపగానే యాక్టివేట్ అవుతుంది. ఇక్కడ తొందరపడి మళ్లీ ఆ షాపుకే తీసుకెళ్లారనుకోండి, అదే పెన్‌డ్రైవ్‌తో అదే ప్రో, అదే క్రాక్ వేసి ఐదొందలు తీసుకుంటారు. మళ్లీ 180 రోజులు.

ఫార్మాట్ లేకుండా కీ మాత్రమే మార్చినవాళ్లు ఇంకొక చోట చూడాలి. విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, దాని కింద మేనేజ్ సెట్టింగ్స్, అన్నిటికన్నా కింద ఎక్స్‌క్లూజన్స్. క్రాక్‌ను డిఫెండర్ పట్టుకోకుండా, ‘ఈ ఫోల్డర్ జోలికి రావద్దు’ అని అక్కడ రాసి వదిలేస్తారు. ఒక లాప్‌టాప్‌లో అయితే మొత్తం సీ డ్రైవ్‌నే రాసేశారు. అంటే యాంటీవైరస్ ఉన్నట్టే కనబడుతుంది, పనిమాత్రం చేయదు. దాని యజమాని అందులోనే బ్యాంకు పనులన్నీ చేస్తున్నాడు. అక్కడ మీరు పెట్టనివి ఏమున్నా తీసేసి, ఫుల్ స్కాన్ పెట్టండి. నన్నడిగితే, క్రాక్ పడిన సిస్టమ్‌ను శుభ్రంగా ఫార్మాట్ కొట్టడమే మేలు.

బయోస్‌లో కీయే లేకపోతే

విండోస్ లేకుండా డాస్‌తోనో లైనక్స్‌తోనో అమ్మినవి, 2012కు ముందువి ఇలా ఉంటాయి. విండోస్ 7 స్టిక్కర్ మీది కీతో విండోస్ 10 యాక్టివేట్ చేసుకునే దారిని మైక్రోసాఫ్ట్ 2023లో మూసేసింది. అప్పటికే చేసుకున్న సిస్టమ్‌లైతే వాటికవే యాక్టివేట్ అవుతాయి, ఒకసారి వేసి చూడండి.

కాకపోతే రీటైల్ లైసెన్స్, అంటే మామూలు కొనుగోలుదారుకు విడిగా అమ్మేది, కొనాలి. నాలుగైదు వందలకు వచ్చే కీలు రీటైల్ కావు. ఎక్కువగా ఏదో కంపెనీకి చాలా కంప్యూటర్ల కోసం ఇచ్చిన వాల్యూమ్ కీనో, పాడైపోయిన లాప్‌టాప్ కీనో పదిమందికి అమ్ముతారు. కోడ్ చివర సీ003 వస్తే కీ బ్లాక్ అయిందని, సీ008 వస్తే పరిమితికి మించి వాడేశారని. అమ్మినవాడి నంబర్ అప్పటికి కలవదు.

ఇక్కడే ఎవరో ఒకరు “లైనక్స్ వేసుకోవచ్చు కదా” అంటారు. నెట్, యూట్యూబ్, మెయిల్ మాత్రమే చూసేవాళ్లకు నేనూ అదే చెబుతాను. మింట్‌కు గానీ ఉబుంటుకు గానీ కీ గొడవే లేదు, మన స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే ఒక లైనక్స్ తయారు చేశారు. కానీ ఈ మాట నారాయణగూడలో పెళ్లి పత్రికలు చేసే డీటీపీ ఆయనకు చెప్పి చూడండి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇరవయ్యేళ్ల పాత ఫైళ్లు: అదంతా విండోస్ మీదే ఉంది, ఆయన కదలలేడు. కదలలేనివాడు కొనుక్కోవాలి. వ్యాపారంలో క్రాక్ వాడటం మరీ ప్రమాదం. కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. నెలకు ఎన్నో వేల ఫ్లెక్సీ బిల్లులు చేసే చోట ఒక్క లైసెన్స్ కొనడానికి ఏడవడం నాకు అర్థం కాదు.

అరుదైనవి

మదర్‌బోర్డు మార్చాక రాత పడితే: లైసెన్స్ పాత బోర్డుకు కట్టి ఉంటుంది. ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాతో కలిపి ఉంటే, యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పే ఎంపిక నొక్కండి. వారంటీలో మార్చిన బోర్డయితే కీ ఎక్కించాల్సింది సర్వీస్ సెంటర్ వాళ్లే, అది అయ్యేదాకా జాబ్ షీట్ మీద సంతకం పెట్టకండి.

కొత్తగా విండోస్ వేశాక ఏదో కంపెనీ పేరు చూపించి ఆ కంపెనీ మెయిల్‌తోనే లాగిన్ అవమంటే: ఆ లాప్‌టాప్ ఇంకా వాళ్ల లిస్టులోనే ఉంది. మీ చేతుల్లో ఏమీ లేదు, అమ్మినవాడికి తిరిగి ఇచ్చేయండి.

తప్పు మైక్రోసాఫ్ట్‌దే అయిన సందర్భమూ ఉంది. 2018 నవంబర్‌లో వాళ్ల సర్వర్ల పొరపాటుకు అసలైన ప్రో లైసెన్స్ ఉన్నవాళ్లకూ యాక్టివేషన్ పోయింది, వాళ్లే సరిచేశారు. అలాంటప్పుడు ఒకరోజు ఆగండి. గచ్చిబౌలిలో వాళ్ల క్యాంపస్ ఉంది కదా, వెళ్లి అడగనా అని ఒక అంకుల్ అన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన విండోస్ యాక్టివేట్ చేయరండీ.