వానాకాలంలో కెప్ వెళ్తున్నారా? పీత కొనేముందు ఇవి చూసుకోండి

కంబోడియా దక్షిణ తీరంలో కెప్ చిన్న ఊరు. అక్కడ తాజా సముద్రపు తిండి అంటే నేరుగా పీతల బజారుకే వెళ్లాలి. మే నుంచి అక్టోబరు దాకా వానలు. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని తినాలి.

బజారు ఒడ్డునే ఆడవాళ్లు నీళ్లలోకి దిగి వెదురు బుట్టలు పైకి లాగుతారు. లోపల నీలిరంగు కాళ్ల పీతలు గిలగిలా కొట్టుకుంటుంటాయి. అలా బుట్టలోంచి తీసినవే అడగండి. గట్టున బేసిన్‌లో కదలకుండా పడున్నవి చవగ్గా ఇస్తామన్నా వద్దు. చచ్చిన పీత మాంసం ఎండకు ఇట్టే పాడవుతుంది. పైకెత్తితే కాళ్లు వేలాడేసిందంటే నీరసించిందని గుర్తు. సైజుకు తగ్గ బరువు లేకపోతే లోపల కండ ఉండదు, మన పీతల బేరంలో చూసుకున్నట్టే. పొట్ట కింద గుడ్ల ముద్ద ఉన్న ఆడపీతను మాత్రం దయచేసి కొనకండి. రేపటి పీతలన్నీ ఆ ముద్దలోనే ఉన్నాయి.

కాటా మీద పెట్టకముందే కిలో ధర, వండి పెట్టినందుకు ఎంతో విడివిడిగా అడగండి. డాలర్లు తీసుకుంటారు, చిరిగిన నోటు మాత్రం తీసుకోరు. డాలరుకు సుమారు 4,000 రియెల్‌ల (కంబోడియా కరెన్సీ) లెక్క.

ఎక్కువమంది తినేది పక్కనున్న కంపోట్ ప్రాంతపు పచ్చి మిరియాల గుత్తులతో వేయించిన పీత. పెద్ద మంట మీద గబగబా అయిపోతుంది కాబట్టి లావు గోళ్ల లోపల ఉడకకుండా ఉండిపోవచ్చు. ఒకటి పగలగొట్టి చూడండి. కండ తెల్లగా, డొప్పనుంచి విడివడుతూ ఉండాలి. జిగురుగా, అద్దంలా కనిపిస్తే మొహమాటపడకుండా వెనక్కి పంపండి.

గట్టి వాన పడ్డాక రెండు మూడు రోజులు గుల్లలు, ఆల్చిప్పలు మానేయడం మంచిది. ఊళ్లోని మురుగు సముద్రంలో కలుస్తుంది. ఇవి ఆ నీళ్లనే వడగట్టుకుని బతుకుతాయి. నిమ్మరసం పిండినంత మాత్రాన క్రిములు చావవు. లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఏ కాలంలోనూ పచ్చివి ముట్టకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇనుప టోపీలాంటి డొప్ప, వెనక సూదిలా పొడవాటి తోక ఉన్న హార్స్‌షూ పీత ఎక్కడైనా కనిపిస్తే, దాని గుడ్లు రుచి చూడమన్నా సరే, వద్దనండి. మడ అడవుల్లో దొరికే రకంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ఎంతసేపు ఉడికించినా అది పోదు. ఉబ్బే పఫర్ చేపలోనూ అదే విషం. తిన్న కాసేపటికి పెదాలు, నాలుక తిమ్మిరెక్కితే తెల్లారాక చూద్దామనుకోకండి, ఊపిరి కండరాలు పడిపోయే ప్రమాదం ఉంది. వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. పెద్ద ఆసుపత్రులు రాజధాని నామ్ పెన్‌లో ఉన్నాయి, రోడ్డు మీద గంటల ప్రయాణం. అందుకే హోటల్‌లో దిగగానే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందో, రాత్రిపూట బండి ఎలా దొరుకుతుందో అడిగి పెట్టుకోండి. నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బ్యాగులో వేసుకోండి. పీత పడనివాళ్లు తమ అలర్జీ మందులు మర్చిపోవద్దు.