వార్తలో ఆమె – 4వ పాఠం: హారం ఎక్కడుంది?

మహిళల గురించి వార్తలు రాసే విలేకరుల కోసం ఈ పాఠాలు. ముందుగా గత పాఠంలోని అభ్యాసం సంగతి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బాలింత మృతి చెందిన వార్త ఇచ్చి, అందులో ఎవరి మాట లేదో కనిపెట్టమన్నాను. డాక్టరు మాట్లాడారు, భర్త మాట్లాడాడు, ఎమ్మెల్యే వచ్చి పరామర్శించారు. చాలామందికి ముందుగా తట్టే జవాబు అత్తగారు. అది తప్పేమీ కాదు. కానీ నేను అనుకున్నది ఆశా కార్యకర్త. రక్తం తక్కువగా ఉందని ఎన్నో నెలలో చెప్పారో, ఆటో దొరకడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలిసి ఉంటుంది. మీ ఫోనులో ఎమ్మెల్యే పీఏ నంబరు కంటే ముందు ఆమె నంబరు చేర్చుకోండి.

ఈసారి అంకెలు. బెంగపడనక్కర్లేదు, ఐదో తరగతిలో నేర్చుకున్న భిన్నాలు చాలు. గీతకు పైన లవం, కింద హారం. మహిళల ఆరోగ్యం మీద వచ్చే పత్రికా ప్రకటనల్లో లవం పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, హారం చివరి పేజీలో ఎక్కడో నక్కి ఉంటుంది. దాన్ని బయటికి లాగడమే ఈ పాఠం.

నా తప్పుతోనే మొదలుపెడతాను. పత్రిక డెస్కులో చేరిన కొత్తలో మాతృ మరణాల వార్తకు ‘ప్రతి లక్ష మంది మహిళల్లో ఇంతమంది మృతి’ అని శీర్షిక పెట్టాను. మర్నాడు ఒక ఏఎన్ఎం (ఊళ్లో కాన్పులు, టీకాలు చూసే నర్సు) ఫోన్ చేశారు. ‘‘లక్ష మంది ఆడవాళ్లకు కాదండీ, లక్ష కాన్పులకు. మీ లెక్కలో మా ఊరి ముసలమ్మలు కూడా చేరిపోయారు’’ అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, సాయంత్రం దాకా నాకు ముద్ద దిగలేదు.

తర్వాత నిర్వచనం తీసి చదివితే ఆమె మాటకూ చిన్న సవరణ అవసరమని తెలిసింది. అసలు హారం లక్ష ‘సజీవ జననాలు’. కవలలు పుడితే కాన్పు ఒకటే, జననాలు రెండు. కడుపులోనే చనిపోయిన బిడ్డ పుడితే కాన్పు ఒకటి, సజీవ జననం సున్నా. ఇక లవంలో వచ్చేది గర్భంతో ఉండగా గానీ, గర్భం ముగిసిన 42 రోజుల్లోపు గానీ, దానికి సంబంధించిన కారణంతో చనిపోయిన మహిళ. గర్భస్రావం వికటించి చనిపోయినా ఆమెను లెక్కిస్తారు, ఆ గర్భం మాత్రం హారంలోకి రాదు. అంటే పైన తల్లులు, కింద బిడ్డలు. అందుకే దీన్ని శాతంలా రాయకూడదు. రోడ్డు ప్రమాదంలో పోయిన గర్భిణి ఈ లెక్కలో ఉండదని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని అంతర్జాతీయ సంస్థలు కలిసి 2020 సంవత్సరానికి వేసిన అంచనా 2023లో వెలువడింది. ఆ ఏడాది ప్రపంచంలో సుమారు 2,87,000 మాతృ మరణాలు. నైజీరియాలో 82,000, భారత్‌లో 24,000. ఇక్కడితో ఆగితే ‘మాతృ మరణాల్లో భారత్‌కు రెండో స్థానం’ అని శీర్షిక పడుతుంది. అది నిజమే. అదే నివేదికలో లక్ష సజీవ జననాలకు మరణాలు, అంటే మాతృ మరణాల నిష్పత్తి, ప్రపంచ సగటు 223, భారత్ 103. ‘ప్రపంచ సగటులో సగం కూడా లేదు’ అనీ రాయవచ్చు. అదీ నిజమే. మొదటిది ప్రతిపక్షం చేతికి, రెండోది ప్రభుత్వం చేతికి వెళుతుంది. విలేకరి రెండూ రాసి, మధ్యలో కారణం చెప్పాలి: మన దేశంలో ఏటా పుట్టే బిడ్డలు నైజీరియాలో పుట్టేవారికి దాదాపు మూడింతలు. అయినా మరణాలు అక్కడే మూడింతలకు పైగా ఉన్నాయి. ఆ నివేదికలో నైజీరియా నిష్పత్తి వెయ్యి దాటింది. నైజీరియా రాజధాని అబుజాలో కూర్చుని రాసే విలేకరికీ, అమలాపురంలో రాసే విలేకరికీ ఈ భాగహారం ఒకటే.

ఇంకో మాట. ఆ 223 ఎవరో ఒక్కొక్కరినీ లెక్కపెట్టి తేల్చిన అంకె కాదు. మరణాల నమోదు సరిగా లేని దేశాలు చాలా ఉన్నాయి కాబట్టి 202 నుంచి 255 మధ్య ఉండవచ్చని ఆ నివేదికే చెబుతుంది. అందువల్ల ‘అంచనా’ అనే మాటను సబ్ ఎడిటర్ చోటు చాలక కొట్టేస్తే వెళ్లి పోట్లాడండి. ఒక్క మాటకు పట్టే చోటు ఎంతని!

జిల్లా స్థాయిలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నమూనా నమోదు విధానం (ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాలు నమోదు చేసే ప్రభుత్వ సర్వే, ఎస్ఆర్ఎస్) లెక్కల ప్రకారం 2018–20లో ఆంధ్రప్రదేశ్ నిష్పత్తి 45, తెలంగాణ 43, దేశం మొత్తానికి 97. ఒక జిల్లాలో ఏటా 30,000 జననాలు ఉన్నాయనుకుందాం. 45 చొప్పున లెక్కిస్తే మరణాలు 13 లేదా 14. ఒక ఏడాది 18 జరిగి, మరుసటి ఏడాది 10 జరిగితే ‘మాతృ మరణాలు 44 శాతం తగ్గుదల’ అని కలెక్టరేట్ నుంచి ప్రకటన వస్తుంది. ఇంత చిన్న అంకెలు ఏ కారణమూ లేకుండానే అటూ ఇటూ ఊగుతాయి. నమూనా సర్వేవారు మూడేళ్లను కలిపి లెక్కించడానికి కారణం ఇదే. ఆ ప్రకటన చేతికి రాగానే వెనుకటి మూడేళ్ల అంకెలు అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదని రాయండి.

హారంలో ఎవరు ఉన్నారన్నదే కాదు, లవంలో ఎవరు లేరన్నది కూడా వార్తే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోని 15–49 ఏళ్ల వివాహిత మహిళల్లో 69.6 శాతం మంది కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ చేయించుకున్నవారు. అది దేశంలోనే ఎక్కువ. భర్త ఆపరేషన్ చేయించుకున్న మహిళలు 0.4 శాతం. మగవాళ్లకు చేసే ఆపరేషన్ వేసెక్టమీకి కడుపు కోయనక్కర్లేదు. మన పత్రికల్లో ‘కు.ని. శిబిరం’ అంటే ఆడవాళ్ల శిబిరమని పాఠకుడు ఎవరూ చెప్పకుండానే అనుకుంటాడు. ఈసారి శిబిరం వార్త రాసేటప్పుడు వచ్చిన మహిళల సంఖ్య పక్కన, వచ్చిన మగవాళ్ల సంఖ్య కూడా వేయండి. సున్నా అయితే సున్నా అని వేయండి.

అభ్యాసం. అదే సర్వే ప్రకారం తెలంగాణలో సిజేరియన్ జననాలు 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఒకటి, ‘తెలంగాణలో 60 శాతం మహిళలకు కోతే’ అన్న శీర్షికలో తప్పెక్కడుంది? రెండు, 81.5, 44.5ల సగటు 63 కదా, మొత్తం అంకె 60.7 ఎలా అయింది? కాగితం మీద చేసి చూడండి, ఫోను వద్దు. జవాబులు ఐదో పాఠంలో ఇస్తాను. ఆ పాఠంలో కోత అవసరమో కాదో తేల్చడానికి కేస్ షీటులో ఏ గడి చూడాలో చెప్పుకుందాం.