విక్షనరీలో ‘లాతో’ పేజీ రాయడం ఎలా

ఇటాలియన్‌లో లాతో (lato) అంటే పక్క, వైపు. పోలిష్‌లో అవే నాలుగు రోమన్ అక్షరాలకు అర్థం వేసవి. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ నిఘంటువు విక్షనరీలో ఇలాంటి మాటలకు రెండు అర్థాలనూ ఒకే శీర్షిక కింద 1, 2 అని వేసేస్తుంటారు. పేజీ చెడేది అక్కడే. భాషకొక శీర్షిక పెట్టండి, వ్యుత్పత్తి (మాట పుట్టుక) దాని కిందే రాయండి.

పేజీ పేరు రోమన్ లిపిలో ఉంచి ఉచ్చారణ తెలుగులో ఇవ్వండి. రెండు భాషల్లోనూ అది దంత్యమైన త. ఇంగ్లీషు చదువుల పుణ్యమా అని చేతికి ‘లాటో’ వచ్చేస్తుంది, చూసుకోండి. ఇటాలియన్‌లో ‘లా’ మీద ఊనిక పడి అచ్చు సాగుతుంది. పోలిష్‌లో అచ్చులకు హ్రస్వదీర్ఘ భేదం లేదు.

ఇక వ్యాకరణం. ఇటాలియన్ నామవాచకం పుంలింగం, బహువచనం లాతి. పోలిష్‌ది నపుంసకం, బహువచనం లాతా. ఈ లాతా దగ్గర ఒక్క క్షణం ఆగాలి. సంవత్సరానికి పోలిష్ మాట రోక్, కానీ రెండేళ్లు అనాలంటే ‘ద్వా లాతా’. అంటే ఏళ్లను వేసవులతో లెక్కపెడుతున్నారు. నూరు శరత్తులు బతకమని దీవించే మనకు ఇది వింతేం కాదు. ఈ ప్రయోగం రాయకపోతే పేజీ సగమే.

ఇటాలియన్ లాతోకి మూలం లాటిన్ లతుస్. కోర్పుస్ కోర్పో అయినట్టు, తెంపుస్ తెంపో అయినట్టు ఇదీ లాతో అయింది. స్పానిష్‌లో లాదో, ఎందుకంటే అచ్చుల మధ్య త అక్కడ ద అవుతుంది. అయితే ఇటాలియన్‌లోనే ఇంకో లాతో ఉంది: వెడల్పైన అనే విశేషణం. ‘ఇన్ సెన్సో లాతో’ అంటే విశాలార్థంలో అని. దీని మూలం దీర్ఘాచ్చు ఉన్న లాతుస్. అక్షాంశానికి వాడే లాటిట్యూడ్ దీని సంతతే. దీర్ఘచిహ్నం వేయని లాటిన్ నిఘంటువు చూస్తే రెండూ కలిసిపోతాయి. కాబట్టి ఇటాలియన్ శీర్షిక కింద వ్యుత్పత్తి 1, వ్యుత్పత్తి 2 విడివిడిగా ఉండాలి.

పోలిష్ వైపు ముందు అరువు సంగతి తేల్చాలి. 1518లో ఇటలీ నుంచి వచ్చిన బోనా స్ఫోర్జా పోలండ్ రాణి అయింది, ఆ రెండు దేశాల రాకపోకలు పాతవే. టమాటాకు పోలిష్ మాట పొమిదోర్, ఇటాలియన్ పొమొదోరో నుంచి వచ్చిందే. మరి లాతో అరువు కాదని చెప్పేదెలా? విభక్తి చేర్చి చూడండి. వేసవిలో అంటే ‘వ్ లెచె’: లాతోలోని ఆ-కారం కాస్తా ఎ-కారం అయింది. లాస్ (అడవి) కూడా ‘వ్ లెశె’ అవుతుంది. ప్రాచీన స్లావిక్‌లోని ఒక ఎ-కారం పోలిష్‌లో కఠిన దంత్యాల ముందు ఆ-కారమైంది, మెత్తని హల్లుల ముందు ఎ-గానే మిగిలింది. ఇటాలియన్ కస్సా నుంచి చివరికి పోలిష్ చేరిన కాసా (డబ్బు కట్టే కౌంటరు) చూడండి: ‘వ్ కాశె’, అచ్చు కదలదు. లాతోలో కదిలింది కాబట్టి అది అరువు కాదు, స్లావిక్ సొంత మాటే. చెక్, రష్యన్ భాషల్లో వేసవి మాటకు ఎ-కారమే ఉంది. ఆ రూపాలను సజాతి పదాలుగా, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాటలుగా చేర్చండి.

చెయ్యి తిరగాలంటే ముందు హైదరాబాద్ మాటల మీద ప్రయత్నించండి. నలుపు చెప్పే నల్ల ద్రావిడ పదం. నీళ్లొచ్చే నల్లా ఉర్దూ నల్ నుంచి వచ్చింది. ‘బస్, చాలు’ అన్నప్పటి బస్ పారసీకం. మెహదీపట్నం వెళ్లే బస్ లాటిన్ ‘ఓమ్నిబుస్’కి తోక: ‘అందరి కోసం’ అనే మాటలో చివరి విభక్తి ప్రత్యయం ఒక్కటే మిగిలింది. ధాతువే లేని మాటకు ధాతువు వెతికి పేజీలో పెట్టకండి.