ఆయన మనకు ఏమవుతారు? కజిన్ వరుసలు లెక్కపెట్టే పద్ధతి

వంశవృక్షం రాయడానికి కూర్చున్నవారికీ, డీఎన్‌ఏ పరీక్ష ఫలితం చేతికి వచ్చినవారికీ ‘ఫస్ట్ కజిన్’ వరకు ఇబ్బంది ఉండదు. ‘సెకండ్ కజిన్, వన్స్ రిమూవ్డ్’ అనే మాట కనబడగానే మనలో చాలామంది ‘దూరపు చుట్టం’ అని రాసి ఊరుకుంటాం. నిజానికి ఆ మాట వెనుక ఉన్నవి రెండు చిన్న లెక్కలే.

మొదట ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న, అందరికంటే దగ్గరి పూర్వీకులెవరో తేల్చుకోవాలి. తరువాత ఒక్కొక్కరి నుంచి ఆ పూర్వీకుల వరకు ఎన్ని మెట్లు ఎక్కాలో లెక్కపెట్టాలి. తల్లి లేదా తండ్రి ఒకటో మెట్టు, తాత రెండు, ముత్తాత మూడు. రెండు సంఖ్యలలో చిన్నదాని నుంచి ఒకటి తీసేస్తే ఎన్నో కజినో తెలుస్తుంది. రెండింటి మధ్య తేడా ఎంత ఉంటే అన్నిసార్లు ‘రిమూవ్డ్’. ఆ ప్రకారం రెండు, రెండు అయితే ఫస్ట్ కజిన్లు. మూడు, మూడు అయితే సెకండ్ కజిన్లు. మూడు, ఐదు అయితే సెకండ్ కజిన్, ట్వైస్ రిమూవ్డ్. రెండు సంఖ్యలలో ఏదైనా ‘1’ అయితే వారు కజిన్లు కారు, తోబుట్టువులో, లేదా ఒకరు మరొకరి తోబుట్టువు సంతతో అవుతారు. లెక్కలో మనల్ని మనం కలుపుకోకూడదు. మా వంశవృక్షం మొదటి ప్రతిలో నేను ఆ పొరపాటే చేసి, సొంత పెదనాన్న పిల్లలను సెకండ్ కజిన్లుగా రాసి, కాగితమంతా తిరగరాయవలసి వచ్చింది.

‘రిమూవ్డ్’ అంటే బంధుత్వం తెగిందని కాదు, తరంలో తేడా ఉందని మాత్రమే. నాన్నగారి ఫస్ట్ కజిన్‌ను సెకండ్ కజిన్ అనడం తరచుగా జరిగే తప్పు. ఆయన మనకు ఫస్ట్ కజిన్, వన్స్ రిమూవ్డ్. మన ఫస్ట్ కజిన్ బిడ్డ కూడా మనకు అదే అవుతుంది. ఒకరు పై తరం, ఒకరు కింది తరం అయినా పేరు ఒక్కటే కనుక, వంశవృక్షంలో ‘పై తరం’ అనో ‘కింది తరం’ అనో పక్కన రాసి పెట్టడం తప్పనిసరి. వయసును బట్టి తరాన్ని ఊహించకూడదు.

డీఎన్‌ఏ లెక్కలలోనూ ఈ జాగ్రత్త అవసరం. ఫస్ట్ కజిన్లు సగటున 12.5 శాతం, ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్ అయినవారు 6.25 శాతం, సెకండ్ కజిన్లు సుమారు 3.1 శాతం డీఎన్‌ఏ పంచుకుంటారు. అయితే తాత ఒక్కరే, నాయనమ్మలు వేరైన హాఫ్ కజిన్లకూ సగటు 6.25 శాతమే. అందువల్ల శాతం ఒక్కటే చూసి వరుస తేల్చకూడదు.

ఇక తెలుగు వరుసల దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా మారుతుంది. ఇంగ్లీషు దూరాన్ని కొలుస్తుంది. తెలుగు దారిని చూస్తుంది. పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ, మేనత్త పిల్లలు బావలు, మరదళ్లు, వదినలు. అంతకంటే దూరం వెళ్లినప్పుడు ఎలాగని మా అమ్మమ్మను అడిగితే ఆమె ఎప్పుడూ ఒకే ఎదురు ప్రశ్న వేసేది: ‘మీ అమ్మ ఆయన్ని ఏమని పిలుస్తుంది?’ ఇంతకంటే మంచి సూత్రం నాకు ఇప్పటికీ దొరకలేదు.

అమ్మకు ఇద్దరు ఫస్ట్ కజిన్లు ఉన్నారనుకుందాం. ఒకరు ఆమె మేనత్త కొడుకు, మరొకరు ఆమె పెదనాన్న కొడుకు. ఇంగ్లీషులో ఇద్దరూ మనకు ఫస్ట్ కజిన్, వన్స్ రిమూవ్డ్. వారి కూతుళ్లిద్దరూ మనకు సెకండ్ కజిన్లు, ఎందుకంటే ఎటు చూసినా ముత్తాత వరకు మూడేసి మెట్లు. తెలుగులో మాత్రం మొదటాయన అమ్మకు బావ వరుస కనుక మనకు తండ్రి వరుస, అంటే నాన్నకంటే పెద్దవారైతే పెదనాన్న, చిన్నవారైతే బాబాయి. ఆయన కూతురు మనకు అక్కో చెల్లెలో అవుతుంది. రెండో ఆయన అమ్మకు అన్నయ్య వరుస కనుక మనకు మామయ్య. ఆయన కూతురు వదినో మరదలో అవుతుంది. ఇంగ్లీషు మాటను చూసి తెలుగు వరుస చెప్పడం సాధ్యం కాదని దీనివల్ల తెలుస్తుంది.

రెండు కుటుంబాల మధ్య ఒకటికి మించి పెళ్లిళ్లు జరిగి ఉంటే ఒకే మనిషికి రెండు వరుసలు రావచ్చు. అప్పుడు రెండు దారులనూ రాసి, ఇంట్లో ఏ పిలుపు వాడుకలో ఉందో గుర్తు పెట్టుకోవాలి. అన్నదమ్ములిద్దరు అక్కచెల్లెళ్లిద్దరిని చేసుకుంటే వారి పిల్లలు డబుల్ ఫస్ట్ కజిన్లు. తాతలు, అవ్వలు నలుగురూ ఉమ్మడే కనుక వారి మధ్య సగటు డీఎన్‌ఏ 25 శాతం.

వంశవృక్షంలో ప్రతి పేరు కింద ముందు దారిని రాయండి: ‘అమ్మ మేనత్త కొడుకు’. దాని కింద మెట్లు: మూడు, రెండు. ఆ తరువాతే ఇంగ్లీషు మాట, తెలుగు పిలుపు రాయండి. పిలుపు ఎక్కడైనా తప్పు పడినా, దారి సరిగా రాసి ఉంటే తరువాతివారు దాన్ని దిద్దుకోగలరు.