చెన్నైలో కార్క్ ఫ్లోరింగ్ వేయించే ముందు జాగ్రత్తలు

కార్క్ అంటే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. ఎక్కువగా పోర్చుగల్ నుంచి వస్తుంది. చెట్టును కొట్టకుండా సుమారు 9 ఏళ్లకోసారి బెరడు ఒలుస్తారు. కాలికి మెత్తగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి హాయి. మన చెన్నై తేమకి మాత్రం తొందర పనికిరాదు.

• నేలలో తేమ చూడండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే, గ్రౌండ్ ఫ్లోర్ అయితే మరీను. రెండడుగుల పాలిథీన్ షీట్ పరిచి, నాలుగు అంచులకీ టేపు అంటించి, కనీసం 24 గంటలు వదిలేయండి. షీట్ కింద చెమ్మ పట్టినా, నేల రంగు ముదిరినా పని ఆపేయండి. మేస్త్రీ “ఏం కాదండీ” అన్నా ఒప్పుకోకండి. తడి నేల మీద వేస్తే పలకలు ఉబ్బి అంచులు లేస్తాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు కదా, ఆ నెలల్లో అసలు పెట్టుకోవద్దు.

• కార్క్ పలకల పెట్టెలు వచ్చాక, వేయబోయే గదిలోనే 48 గంటలైనా ఉంచండి.

• పాత టైల్స్ మీద వేస్తుంటే సందులు నింపి సమం చేయించండి. లేకపోతే ఆ గీతలు పైకి కనిపిస్తాయి.

• క్లిక్ పలకలకి (జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి బిగించేవి) గోడ చుట్టూ దాదాపు 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది.

• నేరుగా ఎండ పడితే రంగు వెలిసిపోతుంది, కర్టెన్ తప్పనిసరి.

• బాత్రూముకి వద్దు. శుక్రవారం బకెట్ నీళ్లతో కడిగే ఇల్లయితే పూజగదిలో, గడప దగ్గర టైల్సే ఉంచండి. వంటగదిలో సిలిండర్ ఈడ్వకుండా చక్రాల స్టాండు కొనండి.