పాత పడవ గదిలో టేకుకు మళ్ళీ వార్నిష్

మా పడవ 1979లో తైవాన్‌లో కట్టినది, 34 అడుగులు. ఆ రోజుల్లో అక్కడ కట్టిన పడవల్లో టేకు ధారాళంగా వాడేవారు. మా దాంట్లోనూ గోడలు, తలుపులు, సొరుగులు, బల్ల, కాలికింద పలకలు అన్నీ టేకే. సియాటిల్‌లో దాన్ని కొన్న రోజు లోపలికి దిగితే తడిసిన గోనెసంచి వాసన. కొన్నిచోట్ల వార్నిష్ తేనెరంగులో బాగానే ఉంది. కిటికీల కింద మాత్రం ఉల్లిపొరలా లేచిపోయి, దాని కింద చెక్క నల్లబడింది.

ధవళేశ్వరంలో మా పెదనాన్న నలభై ఏళ్ళు తలుపులూ మంచాలూ చేశారు. వీడియో కాల్‌లో చూపిస్తే వార్నిష్ గురించి ఒక్క ముక్క అడగలేదు. "నీళ్ళెక్కణ్ణించి దిగుతున్నాయే?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికే నాకు మూడు వారాలు పట్టింది.

నీళ్ళు మరక ఉన్నచోటే కారవు. పైన ఒకచోట దూరి, లోకప్పు వెనకాల అడుగున్నర పాకి, ఇంకోచోట బయటపడతాయి. అనుమానం ఉన్న మరల చుట్టూ, కిటికీ అంచుల చుట్టూ లోపలివైపు పొడి చాక్ పౌడరు అద్ది, ఒకరు పైన గొట్టంతో నీళ్ళు పోస్తుంటే ఒకరు కింద టార్చితో చూడాలి. పోయడం కింద నుంచి మొదలుపెట్టి, పది పది నిమిషాలు ఆగుతూ పైకి వెళ్ళండి. మా దాంట్లో అసలు దొంగ కిటికీ కాదు. తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తీగలను ఉక్కు పట్టీలకు బిగిస్తారు. ఆ పట్టీలు డెక్‌లోంచి, అంటే పడవ పైతలంలోంచి, దూరి లోపలి అడ్డగోడకు బోల్టులతో అతుక్కుంటాయి. ఆ దూరే చోట పాత సీలు ఎండిపోయి నీళ్ళు దిగుతున్నాయి. పట్టీలు ఊడదీసి తుప్పు, పగుళ్ళు చూసి, బ్యూటైల్ అనే మెత్తటి జిగురు రబ్బరు టేపుతో మళ్ళీ బిగించాం. సిలికాన్ వాడకండి. అది ఎక్కడ అంటితే అక్కడ వార్నిష్ పట్టదు.

తర్వాత, అంతా గీకాలా అక్కర్లేదా అన్నది తేల్చుకోండి. బ్లేడుతో వార్నిష్ మీద చిన్న గళ్ళు గీసి, మాస్కింగ్ టేపు గట్టిగా అతికించి ఒక్కసారిగా లాగండి. టేపుకు పెచ్చులు రాకపోతే మీ అదృష్టం. గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక మినరల్ స్పిరిట్స్ అనే థిన్నర్‌తో జిడ్డు తుడిచి, 220 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్ది, రెండు పూతలు వేస్తే చాలు. మా పడవలో సగానికి పైగా అలాగే తేలిపోయింది. బాగున్నదాన్ని గీకడం ఓపిక ఉంది కదా అని చేసే పని, అవసరం కాదు.

తలుపులు, సొరుగులు, అంచుపట్టీలు ఊడదీసి ఇంటికి తీసుకెళ్ళండి. ప్రతిదాని వెనకా టేపు మీద నంబరు రాయండి, ఫోటో తీయండి. పడుకోబెట్టి పూస్తే వార్నిష్ కారదు.

పెచ్చులు లేచినచోట గీకడమే. రంగు కరిగించే మందులు మూసిన గదిలో వద్దు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్నవాటిని మామూలు జనానికి అమ్మకుండా అమెరికాలో 2019లోనే ఆపేశారు, ప్రాణాలు పోయాయి కాబట్టే. హీట్ గన్ పనిచేస్తుంది గానీ ఒకేచోట నిలపకండి, లోపలి జిగురు కూడా మెత్తబడుతుంది. పెదనాన్న కాలంలో పగిలిన గాజుపెంకుతో గీకేవారు. నేను పదునైన ఉక్కురేకు వాడాను, నార వెంటే, తేలిగ్గా.

ఇక్కడే నేను తప్పు చేశాను. మీకు గట్టిచెక్కలా కనిపించే గోడ నిజానికి ప్లైవుడ్. దాని మీది టేకు పొర చాలా పడవల్లో మిల్లీమీటరు కూడా ఉండదు. నేను మిషను పెట్టి గరుకైన 80 నంబరు కాగితంతో మొదలుపెట్టాను. నిమిషం గడిచిందో లేదో, మ్యాపులు పరిచే బల్ల పక్కన రూపాయి బిళ్ళంత చోట తెల్లటి కర్ర బయటపడింది, దాని నార అడ్డంగా. చిత్రకారులు వాడే ఆయిల్ రంగు కొంచెం వార్నిష్‌లో కలిపి, సన్నటి కుంచెతో గీతలు గీసి కప్పాను. వచ్చినవాళ్ళెవరూ కనిపెట్టలేదు, నాకు మాత్రం రోజూ కనిపిస్తుంది. ఆ పొర మీద చేత్తోనే, చెక్కముక్కకు చుట్టిన 150 నంబరుతో మొదలుపెట్టి 220తో ఆపండి. స్టీల్ ఊల్ (ఉక్కు పీచు) దగ్గరికి రానివ్వకండి. దాని నలుసులు చెక్కలో ఉండిపోయి తుప్పు చుక్కలవుతాయి.

నల్ల మరకలు ఉప్పుకాగితానికి పోవు. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము, నీళ్ళు కలిసి పుట్టిన రంగు అది. దానికి ఆక్సాలిక్ ఆమ్లం. చుక్కకూరలోని పులుపు దీనిదే, అయినా పొడి రూపంలో ఇది విషం. గ్లవ్స్, కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. ప్లాస్టిక్ గిన్నెలో లీటరు వేడినీళ్ళకు 100 గ్రాములు కలిపి, మరక మీదే కాకుండా పలక మొత్తం పూయండి, లేకపోతే వెలిసిన మచ్చ మిగులుతుంది. అరగంటలో నలుపు విరుగుతుంది. మంచినీళ్ళతో తుడిచి, వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి, మళ్ళీ మంచినీళ్ళతో రెండుసార్లు తుడవండి. రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయే చెక్కకు ఈ వైద్యం లేదు. అది కుళ్ళిపోయింది, కోసి మార్చాల్సిందే.

పూతకు ముందు టేకులోని సహజమైన నూనెను అసిటోన్ గుడ్డతో తుడవాలి, తుడిచిన గంటలోపే పూయాలి. ఆలస్యమైతే నూనె మళ్ళీ పైకి వస్తుంది. నాకు టెన్షన్ పెట్టిన ఘట్టం ఇదే. అసిటోన్, థిన్నర్ ఆవిరులు గాలికన్నా బరువు. అవి పడవ అడుగున నీళ్ళు చేరే గుంటలోకి దిగి కూర్చుంటాయి. అక్కడ పంపు స్విచ్చు ఒక్క నిప్పురవ్వ వేస్తే చాలు. బ్యాటరీలు ఆపేయండి, స్టవ్ గ్యాసు కట్టేయండి, కిటికీలు, పై తలుపు అన్నీ తెరవండి. ఫ్యాను బయట పెట్టి మంచిగాలిని లోపలికి తోయించండి. ఆవిరిని ఫ్యాను మోటారు గుండా బయటికి లాగించకండి. మాస్కుకు రసాయనాల ఆవిరిని ఆపే క్యాట్రిడ్జ్‌లు ఉండాలి.

లోపల ఎండ తక్కువ కాబట్టి బయట వాడే ఖరీదైన స్పార్ వార్నిష్ అవసరం లేదు. మొదటి పూత సగానికి సగం థిన్నర్‌తో పల్చన చేస్తే చెక్క పీల్చుకుంటుంది. తర్వాతి రెండు బాగా మెరిసే గ్లాసీ రకం, చివరిది మెరుపు తగ్గిన శాటిన్. అన్నీ శాటిన్ అయితే నార మసకబారుతుంది. డబ్బాను ఆడించకండి, బుడగలు లేస్తాయి. కర్రతో అడుగునుంచి నెమ్మదిగా కలపండి. పూతకూ పూతకూ మధ్య 320తో రుద్ది దుమ్ము తుడవండి. ఇక్కడ వానలు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వదలవు గనక ఈ పని జులై, ఆగస్టుల్లోనే పెట్టుకున్నాం.

పలకల కోసిన అంచులు, వెనకవైపు, మరల రంధ్రాలు మర్చిపోవద్దు. ప్లైవుడ్ నీళ్ళు తాగేది అక్కణ్ణించే. కాలికింద పలకలకు మరీ నున్నగా వద్దు, తడికాలితో జారతారు. నూనె, వార్నిష్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మూత ఉన్న రేకుడబ్బాలో నీళ్ళు పోసి అందులో ముంచండి.

చేతికి ఆరినట్టు తగిలినా రెండు వారాలు పరుపులు వేయకండి. నేను నాలుగో రోజునే వేశాను, ఎత్తితే నేత అచ్చు చక్కగా పడి ఉంది. ఆ బల్ల మళ్ళీ 320తో మొదలుపెట్టాను.